ఆర్మిడేల్‌కి మీ అబ్బాయిని పంపొచ్చా?

మీరు అడిగింది ఇదీ: మీ అబ్బాయి బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ చేశాడు. ఆస్ట్రేలియాలో ఆర్మిడేల్ అనే ఊళ్లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ న్యూ ఇంగ్లాండ్‌లో మాస్టర్స్‌కి సీటు వచ్చింది. అతని స్నేహితుడికి అక్కడే ఐటీలో వచ్చింది. కన్సల్టెన్సీ వాళ్లు "రీజినల్ ఏరియా అండీ, పీఆర్‌కి పాయింట్లు కలిసొస్తాయి" అంటున్నారు, పీఆర్ అంటే అక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి. మీరు గూగుల్‌లో వెతికితే గొర్రెలు, చర్చిలు తప్ప ఏమీ కనపడలేదు. ఆ ఊరికి పంపొచ్చా, అసలు ఆ ఊరు ఎలా ఉంటుంది అని మీ ప్రశ్న.

ఇద్దరికీ ఒకే జవాబు సరిపోదు. మీ అబ్బాయిని పంపమంటాను. ఆ ఐటీ అబ్బాయిని మాత్రం ఇంకోసారి ఆలోచించుకోమంటాను. ఎందుకో తెలియాలంటే ఊరి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదవండి. నేను వెటర్నరీ చదివి, కోళ్ల మేత మీద పీహెచ్‌డీ చేయడానికి 2012లో ఇక్కడికి వచ్చాను. మూడున్నరేళ్లలో ముగించుకుని సిడ్నీ వెళ్లిపోదామనుకున్నాను. ఇంకా ఇక్కడే ఉన్నాను.

ముందు పేరు సంగతి. న్యూ ఇంగ్లాండ్ అనగానే మా మేనమామ అమెరికా అనుకుని, కనపడ్డ ప్రతి పెళ్లిలోనూ "మావాడు అమెరికాలో పీహెచ్‌డీ" అని చెప్పేశాడు. ఆయన్ని అని లాభం లేదు, అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో అచ్చం ఇదే పేరుతో ఇంకో యూనివర్సిటీ ఉంది. ఫీజు కట్టేటప్పుడు వెబ్‌సైట్ ఏ దేశానిదో చూసుకోండి. మనం మాట్లాడుకునేది న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న ఆర్మిడేల్. సిడ్నీకీ బ్రిస్బేన్‌కీ దాదాపు సగం దారిలో ఉంటుంది. ఎటు వెళ్లాలన్నా కారులో ఐదారు గంటలు. జనాభా 24,000 దాకా. మన వైపు అయితే ఒక మోస్తరు మండల కేంద్రం అంటాం. ఇక్కడి లెక్కలో ఇది సిటీ, 1885 నుంచీ సిటీయే. రెండు కెథడ్రల్స్ ఉన్నాయి, ఒకటి ఆంగ్లికన్లది, ఒకటి కాథలిక్కులది. మీకు గూగుల్‌లో కనపడ్డ చర్చిలు అవే.

సముద్రమట్టానికి 980 మీటర్ల ఎత్తు. అంటే ఇంచుమించు మన లంబసింగి ఎత్తు. కానీ లంబసింగిలా చుట్టూ కొండలూ లోయలూ ఉంటాయని ఊహించుకోకండి. ఇది పీఠభూమి. సిడ్నీ వైపు నుంచి వస్తూ టామ్‌వర్త్ అనే ఊరు దాటాక మూన్‌బీ కొండలు ఎక్కి పైకి వచ్చేస్తే, ఇక ఎటు చూసినా మెల్లగా లేచి వాలే గడ్డి నేలలు, అక్కడక్కడా యూకలిప్టస్ చెట్లు, కింద మెరినో గొర్రెలు. సన్నని ఉన్నికి ఈ ప్రాంతం పేరు. తూర్పు అంచున మాత్రం ఆ నేల ఒక్కసారిగా తెగిపడుతుంది. అక్కడ వోలమాంబి జలపాతం 200 మీటర్లకు పైగా దూకుతుంది. వర్షాలు లేనప్పుడు వెళితే గోడ మీద తడి మరక తప్ప ఏమీ కనపడదు. మా నాన్నగారిని అలాంటప్పుడే తీసుకెళ్లాను. "దీనికోసం ఇంత దూరమా?" అన్నారు.

జనవరిలో పగటి వేడి సగటున 27 డిగ్రీలు. గుంటూరు ఎండలకు అలవాటుపడ్డవాళ్లకి అది ఎండాకాలం అనే అనిపించదు. జులైలో రాత్రి చలి సగటున సున్నా దగ్గర, చాలా రాత్రులు ఇంకా కిందికి. చలి సంగతి మళ్లీ వస్తాను, అది రెండు ముక్కల్లో తేలేది కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఊరిని నేను హాస్టళ్ల ఊరు అంటాను. చుట్టూ వందల కిలోమీటర్ల దాకా పెద్ద పెద్ద గొర్రెల, పశువుల ఫారాలు. ఆ ఫారాల్లో పెరిగే పిల్లలకి బడి ఎక్కడ? అందుకే 1890ల్లోనే ఇక్కడ బోర్డింగ్ స్కూళ్లు వచ్చాయి. మగపిల్లల కోసం ఒకటి 1894లో, ఆడపిల్లల కోసం ఒకటి 1895లో మొదలయ్యాయి, రెండూ ఇంకా నడుస్తున్నాయి. 1928లో టీచర్స్ ట్రైనింగ్ కాలేజీ వచ్చింది. అప్పట్లో రాష్ట్ర విద్యామంత్రి డేవిడ్ డ్రమ్మండ్ ఈ ప్రాంతం మనిషే, పట్టుబట్టి తెచ్చాడు. పదేళ్లకు, 1938లో, సిడ్నీ యూనివర్సిటీకి అనుబంధంగా న్యూ ఇంగ్లాండ్ యూనివర్సిటీ కాలేజ్ మొదలైంది. దానికి భవనం ఎలా వచ్చిందంటే, ఒక ఫారం యజమాని 1880ల్లో కట్టించిన బూలూమిన్‌బా అనే పెద్ద మేడను, ఆయన అల్లుడు టి.ఆర్. ఫోర్స్టర్ దానంగా ఇచ్చాడు. ఎర్ర ఇటుక, లెక్కలేనన్ని పొగగొట్టాలు, లోపల మెట్ల దగ్గర నిలువెత్తు రంగుటద్దాల కిటికీ. ఇప్పటికీ క్యాంపస్ గుండెకాయ అదే. మీ అబ్బాయి మొదటి ఫోటో దాని ముందే దిగి పంపిస్తాడు, నాదీ పందెం.

1954లో అది స్వతంత్ర యూనివర్సిటీ అయింది. ఆస్ట్రేలియాలో రాజధాని నగరాలకు బయట వచ్చిన మొదటి యూనివర్సిటీ ఇదే. మొదటి చాన్సలర్ ఎర్ల్ పేజ్, 1939లో మూడు వారాలైనా నిండకుండా దేశ ప్రధానిగా చేసినాయన. ఆ తరం వాళ్లకి చదువొక్కటే సరిపోలేదు, ఈ ఉత్తర ప్రాంతమంతా ప్రత్యేక రాష్ట్రం కావాలని దశాబ్దాల పాటు ఉద్యమం నడిపారు. 1967లో దాని మీద ఓటింగ్ జరిగి ఓడిపోయింది. ప్రత్యేక రాష్ట్రం గొడవలు మనకి కొత్త కాదు కాబట్టి ఈ కథ వింటే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. రాష్ట్రం రాలేదు, యూనివర్సిటీ మిగిలింది.

కన్సల్టెన్సీ వాళ్లు మీకు చెప్పని సంగతి ఒకటుంది. యూనివర్సిటీ లెక్కల్లో విద్యార్థులు ఇరవై వేల పైమాటే. ఆ అంకె చూసి "అబ్బో, ఊరంతా స్టూడెంట్సే" అనుకుంటారు. కానీ వాళ్లలో నూటికి ఎనభై మంది దాకా ఈ ఊరి మొహమే చూడరు. ఇళ్లలో కూర్చుని ఆన్‌లైన్‌లో చదువుతారు. కోవిడ్ వల్ల వచ్చిన అలవాటు అనుకుంటారేమో, కాదు. దూరవిద్య ఇక్కడ 1955లోనే మొదలైంది. మారుమూల బళ్లలో పనిచేసే టీచర్లకి ఉద్యోగం మానకుండా డిగ్రీ ఇవ్వడానికి, పాఠాలు పోస్టులో పంపేవాళ్లు. పోస్టు పోయి ఇంటర్నెట్ వచ్చింది. 2011లో దేశమంతా ఫైబర్ ఇంటర్నెట్ వేయడం మొదలుపెట్టినప్పుడు ప్రధాన భూభాగంలో మొదట స్విచ్ ఆన్ చేసింది కూడా ఈ ఊళ్లోనే, అప్పటి ప్రధాని జూలియా గిలార్డ్ వచ్చి చేశారు.

దీని ఫలితం మీ అబ్బాయి మీద నేరుగా పడుతుంది. క్లాసుకి వెళితే గదిలో ఏడుగురో ఎనిమిది మందో ఉంటారు, మిగతా అరవై మంది స్క్రీన్ అవతల. మొదటి వారం నాకు భయమేసింది, తప్పు చోటికి వచ్చానేమో అని. తర్వాత అర్థమైంది, ఆ ఎనిమిది మందిలో ఒకడిగా ఉండటం ఎంత లాభమో. ప్రొఫెసర్‌కి నా పేరు, నా ఊరు, నా సూపర్‌వైజర్ ఎవరు, అన్నీ తెలుసు. డౌట్ ఉంటే కారిడార్‌లో నిలబెట్టి అడిగేవాణ్ణి. ఏడాదిలో కొన్ని వారాలు ఆ స్క్రీన్ అవతలి వాళ్లు ప్రాక్టికల్స్ కోసం ఊళ్లోకి దిగుతారు. యాభై ఏళ్ల నర్సులు, రైతులు, పోలీసులు, రిటైరైన వాళ్లు బ్యాగులు తగిలించుకుని తిరుగుతుంటారు. ఆ వారం మోటళ్లు ఖాళీ ఉండవు, కాఫీ షాపుల్లో క్యూలు. వాళ్లు వెళ్లిపోగానే ఊరు మళ్లీ నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం అందరికీ పడదు.

మీ అబ్బాయిని ఎందుకు పంపమంటున్నానంటే, వ్యవసాయం, పశువుల చదువులో ఈ చోటు ఊరికే పేరు తెచ్చుకోలేదు. 1950ల్లోనే రూరల్ సైన్స్ అని ఒక ఫ్యాకల్టీ పెట్టారు. నేల, పంట, పశువు, రైతు జమాఖర్చు, అన్నీ ఒకే డిగ్రీలో కలిపి చదవాలన్నది దాని మొదటి డీన్ బిల్ మెక్లిమాంట్ పట్టుదల. పశువుల జెనెటిక్స్‌లో ఇక్కడి రీసెర్చ్ యూనిట్ తయారుచేసిన లెక్కల పద్ధతితోనే ఆస్ట్రేలియాలో మాంసం పశువుల ఎద్దులని ఎంచుకుంటారు. కోళ్ల పరిశోధన బలంగా ఉంది, నేను వచ్చిందే దానికోసం. యూనివర్సిటీకి సొంత ఫారాలు ఉన్నాయి, ఊరికి దగ్గర్లోనే. గొర్రెల చెవులకి ట్యాగులు, నేలలో తేమ కొలిచే సెన్సర్లు, అన్నీ కంటిముందే. మన కాలేజీల్లో పుస్తకంలో చదివి వదిలేసినవి ఇక్కడ చేత్తో చేయాలి. నా మొదటి ప్రాక్టికల్‌లో ఒక గొర్రెను కూర్చోబెట్టి పట్టుకోమన్నారు. వెటర్నరీ డిగ్రీ ఉన్నవాణ్ణి కదా అని ధీమాగా వెళ్లాను. అది నన్ను కింద పడేసి పోయింది. పద్దెనిమిదేళ్ల ఫారం అమ్మాయి ఒకామె వచ్చి, గడ్డం కింద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి, తలను పక్కకి తిప్పి, ఒక్క అడుగు వెనక్కి వేసింది. గొర్రె సోఫాలో కూర్చున్నట్టు కూర్చుంది. ఆమే తర్వాత నాకు మంచి స్నేహితురాలు.

ఐటీ అబ్బాయి సంగతి వేరు. చదువు బాగోదని కాదు. చదువైపోయాక ఈ ఊళ్లో ఐటీ ఉద్యోగం అంటే యూనివర్సిటీ, హాస్పిటల్, కౌన్సిల్, కొన్ని చిన్న ఆఫీసులు, అంతే. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పార్ట్‌టైమ్ కూడా సూపర్‌మార్కెట్లు, క్లీనింగ్, వృద్ధాశ్రమాల్లో సంరక్షణ పని, ఇవే ఎక్కువ. స్టూడెంట్ వీసా మీద చదువు నడిచే రోజుల్లో రెండు వారాలకి 48 గంటలే పని చేయాలి, కానీ ఆ 48 గంటలు దొరకడమే ఇక్కడ కష్టం. ఒక సూపర్‌మార్కెట్‌లో ఖాళీ వస్తే ఊరి టెన్త్ పిల్లల నుంచి మన పిల్లల దాకా అందరూ దానికే. ఉత్తరాన 40 కిలోమీటర్ల దూరంలో గుయ్రా అనే చిన్న ఊరుంది, ఆర్మిడేల్ కంటే ఇంకా ఎత్తు, 1,300 మీటర్ల పైన. అక్కడ పదుల హెక్టార్లలో టమాటా గ్లాస్‌హౌస్‌లు ఉన్నాయి. అంత చల్లటి చోట టమాటా ఏమిటని నేనూ ఆశ్చర్యపోయాను. ఎత్తు మీద వెలుతురు బాగుంటుంది, ఎండాకాలంలో వేడి తక్కువ కాబట్టి గాజు లోపల చెట్లు మాడిపోవు, చలికాలానికి హీటర్లు ఉండనే ఉన్నాయి. పని దొరుకుతుంది, కానీ కారు కావాలి, తెల్లవారకముందే లేవాలి.

మనుషుల్ని ఈ ఊరికి రప్పించడం ప్రభుత్వం వల్లే కాలేదు. పురుగుమందులకి, పశువుల మందులకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఒకటి దేశ రాజధాని కాన్‌బెర్రాలో ఉండేది. 2016లో అప్పటి వ్యవసాయ మంత్రి బార్నబీ జాయిస్ దాన్ని ఆర్మిడేల్‌కి మార్పించారు. ఈ నియోజకవర్గం ఎంపీ కూడా ఆయనే, చెప్పక్కర్లేదనుకోండి. 2019లో కొత్త ఆఫీసు తెరిచారు. ఈలోపు చాలామంది సైంటిస్టులు ఊరు మారడం ఇష్టంలేక ఉద్యోగాలు వదిలేశారు. మా ల్యాబ్‌లో టీ దగ్గర ఏడాదంతా అదే చర్చ. ఊరివాళ్లు సంతోషించారు, వ్యవసాయం తెలిసినవాళ్లకి ఉద్యోగాలు కూడా దొరికాయి. ఐటీవాళ్లకి కాన్‌బెర్రాయే నయమన్న సంగతి మాత్రం మారలేదు.

ఇక ఆ పాయింట్ల గొడవ. ఆర్మిడేల్ రీజినల్ ఏరియా కిందికే వస్తుంది, అందులోనూ పెద్ద నగరాల పక్కన కాకుండా చిన్న ఊళ్ల విభాగంలో. ఇక్కడే ఉండి కనీసం రెండు విద్యాసంవత్సరాలు చదివితే పీఆర్ లెక్కలో 5 పాయింట్లు. చదువయ్యాక వచ్చే మొదటి వర్క్ వీసా కాలంలో కూడా రీజినల్‌లోనే కనీసం రెండేళ్లు ఉంటే, ఇంకో రెండేళ్లకి రెండో వర్క్ వీసా అడగొచ్చు. అంటే డిగ్రీ చేతికి రాగానే సిడ్నీ చెక్కేస్తే ఆ రెండోది లేదు. ఇది చాలామందికి తర్వాత గాని తెలియదు. ఈ రూల్స్ ఊరికే మారుతుంటాయి, డబ్బు కట్టేముందు ఇమిగ్రేషన్ సైట్‌లో మీరే ఓసారి చదవండి. ఇంకొకటి, ఆఫర్ లెటర్‌లో క్యాంపస్ పేరు చూడండి. ఈ యూనివర్సిటీకి సిడ్నీలోని పారమటాలో కూడా చోటుంది. అది రీజినల్ కాదు. నాకు తెలిసిన ఒక అబ్బాయి కన్సల్టెన్సీ మాట నమ్మి "ఎక్కడైనా ఒకటే" అనుకుని సంతకం పెట్టాడు. ఆ కన్సల్టెన్సీ ఇప్పుడు ఫోన్ ఎత్తదు.

ఐదు పాయింట్ల కోసం మాత్రమే ఈ ఊరికి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. శుక్రవారం రాత్రి బస్సెక్కి సిడ్నీ వెళ్లడం, ఆదివారం రాత్రి ఏడుపు మొహంతో తిరిగి రావడం. రెండేళ్లు ఇక్కడ ఉన్నారు గానీ ఈ ఊళ్లో ఒక్కరోజు కూడా లేరు.

ఉండాలని ఉంటే ఉండే దారి ఉంది, అది యూనివర్సిటీ కాలేజీలు. ఇక్కడ కాలేజీ అంటే హాస్టల్. మెస్, కామన్ రూమ్, ఆటలు, ఒకళ్లతో ఒకళ్లకి పోటీలు, వాటి పాటలు, వాటి పగలు. మొదటి ఏడాది బయట రూమ్ తీసుకోవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. అద్దె తగ్గుతుందని నలుగురు మనవాళ్లు కలిసి ఊళ్లో ఇల్లు తీసుకుంటారు, వండుకుంటారు, తెలుగు సినిమాలు చూస్తారు, ఏడాది తర్వాత ఊళ్లో ఒక్క మనిషి పేరు తెలియదు. చిన్న ఊళ్లో ఒంటరితనం సిడ్నీలో కంటే ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే మిగతా అందరికీ అందరూ తెలుసు కదా. అదే కాలేజీలో ఉంటే డిన్నర్ దగ్గరే పదిమంది పరిచయమవుతారు. నాకు మొదటి పార్ట్‌టైమ్ పని అలా డిన్నర్ టేబుల్ దగ్గర దొరికిందే. పక్కన కూర్చున్నవాడి పెద్దమ్మకి కోళ్ల ఫారం ఉంది. ఇక్కడ రెజ్యూమే కంటే "వాడు నాకు తెలుసు" అన్న మాట బలంగా పనిచేస్తుంది. మన ఊళ్లలాగే.

క్యాంపస్ ఊరికి వాయవ్యంగా ఐదు కిలోమీటర్ల దూరంలో గట్టు మీద ఉంటుంది. బస్సులు ఉన్నాయి, మన ఆర్టీసీ లెక్కన ఊహించుకోవద్దు, సాయంత్రమయ్యాక, ఆదివారాలు మర్చిపోవచ్చు. సైకిల్ కొనుక్కోమనండి. వెళ్లేటప్పుడు ఎత్తు, వచ్చేటప్పుడు పల్లం, ఇంటికి రావడం హాయిగా ఉంటుంది. చీకటి పడ్డాక కంగారూలు దారికి అడ్డం వస్తాయి, జాగ్రత్త. ఊళ్లో బజారు బియర్డీ స్ట్రీట్. తొలినాళ్లలో కొత్తవాళ్లకి దారి చూపించిన ఇద్దరు గడ్డాల పశువుల కాపర్ల మీద ఆ పేరు పెట్టారు. ఒక ముక్క మీద కార్లు రావు, జనం నడుస్తూ ఉంటారు. అక్కడ పది నిమిషాలు నడిస్తే నలుగురికైనా హలో చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు చలి. ఈ ఊరి ఇళ్లు చూస్తే చలి ఊరి ఇళ్లలా ఉండవు. చాలావాటికి పల్చటి గోడలు, చెక్క నేల, కింద ఖాళీ. వేడి కోసం కట్టెల పొయ్యి, వుడ్ హీటర్ అంటారు. గాజు తలుపున్న ఇనుప పెట్టె, పైకి పొగగొట్టం. నేను కాలేజీ వదిలి ఇంట్లో దిగిన మొదటి చలికాలం ఒకాయన దగ్గర ఒక ట్రక్కు కట్టెలు కొన్నాను. ఎండువే అన్నాడు. పొయ్యిలో పెడితే బుసబుసలాడుతూ చివర్ల నుంచి నీళ్లు కారాయి. ఇల్లంతా పొగ, వేడి సున్నా. పక్కింటి ముసలాయన వచ్చి చూసి, రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టాడు. 'డబ్' మని మొద్దుగా మోగింది. తన షెడ్డులోంచి రెండు తెచ్చి కొట్టాడు. 'టంగ్' మంది. ఎండు కట్టె గంటలా మోగాలి, కొనేముందు కొట్టి చూసుకో అన్నాడు. కొబ్బరికాయ తట్టి కొనే జాతిలో పుట్టి ఈ మాత్రం తోచలేదే అని సిగ్గేసింది.

ఆ పొగ ఊరందరి సమస్య. ఆర్మిడేల్ మధ్యలో వాగు, రెండు పక్కలా గట్లు. చలి రాత్రుల్లో గాలి ఆడదు. చల్లగాలి బరువుగా ఉండి గట్ల మీంచి జారి వాగు దగ్గర చేరుతుంది, పైన కొంచెం వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ఇళ్లలోంచి వచ్చిన పొగ ఆ మూత కింద ఇరుక్కుపోతుంది. జూన్, జులైల్లో రాత్రి ఎనిమిది గంటలకి బయటికి వస్తే మన భోగి తెల్లవారుజామున ఉన్నట్టు ఉంటుంది వాసన. ఒక రాత్రికి బాగానే ఉంటుంది, మూడు నెలలంటే ఊపిరితిత్తులకి భారం. మీ అబ్బాయికి ఆస్తమా లాంటిది ఏమైనా ఉంటే ఇది తేలిగ్గా తీసుకోవద్దు. గట్టు మీద కాలేజీల్లో ఈ బాధ తక్కువ, అక్కడ ఉండమనడానికి ఇది ఇంకో కారణం.

నీళ్ల సంగతి కూడా ఒక్క మాట. 2019లో ఘోరమైన కరువు. ఊరికి నీళ్లిచ్చే మాల్పస్ డ్యామ్ అడుగంటుతుంటే కౌన్సిల్ మనిషికి రోజుకి 160 లీటర్లే వాడాలని ఆంక్ష పెట్టింది. తోటలకి నీళ్లు లేవు, కార్లు కడగకూడదు, బాత్రూముల్లో మూడు నిమిషాల గడియారాలు. ఊరంతా టెన్షన్. నాకు మాత్రం ఒకటి గుర్తొచ్చి నవ్వొచ్చింది: మన దేశంలో నగరాలకి ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యమే మనిషికి రోజుకి 135 లీటర్లు. నేను పెరిగిన వీధిలో అదీ వచ్చేది కాదు. ఒక్క బకెట్‌తో స్నానం ఎలా చేయాలో మా ల్యాబ్‌లో వాళ్లకి నేనే నేర్పించాను, పీహెచ్‌డీ కంటే దానికే ఎక్కువ మర్యాద దక్కింది. మరుసటి ఏడాది వానలు పడ్డాయి. 2021 అక్టోబర్‌లో ఒక రాత్రి సుడిగాలి వచ్చి ఇళ్ల పైకప్పులు లేపేసింది. ఎత్తైన ఊళ్ల వాతావరణం ఇలాగే ఉంటుంది, చెప్పి రాదు.

తిండికి ఇబ్బంది లేదు. పెద్ద సూపర్‌మార్కెట్లు మూడూ ఉన్నాయి, బియ్యం, కందిపప్పు దొరుకుతాయి. గోంగూర, మునగకాయ, మంచి ఆవకాయ కావాలంటే సిడ్నీ నుంచో బ్రిస్బేన్ నుంచో ఎవరో ఒకరు తేవాలి. ఎవరు కారులో వెళుతున్నా వాట్సాప్‌లో లిస్టులు మొదలవుతాయి. గుడి అంటే సిడ్నీ దాటి హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి దగ్గరికే వెళతాం, ఏడాదికోసారి కుదిరితే. పండగలే తమాషాగా ఉంటాయి. ఋతువులు తలకిందులు కదా, సంక్రాంతికి నడి ఎండాకాలం, ఉగాదికి ఆకులు రాలే కాలం మొదలు. వీధుల్లో మేపుల్, పాప్లార్ చెట్లు పసుపు పచ్చకి, ఎరుపుకి తిరుగుతుంటే, ఏప్రిల్ చివరికి ఊరు ఊరంతా నిప్పంటుకున్నట్టు ఉంటుంది, చూడటానికి సిడ్నీ నుంచి జనం వస్తారు. కానీ కొత్త చిగుళ్ల పండగకి చుట్టూ ఆకులు రాలుతుంటే ఎలా ఉంటుందో చెప్పలేను. వేపచెట్టు ఈ మంచుకి బతకదు. మా ఆవిడ ఉగాది పచ్చడిలో చేదు కోసం ఏటా ఒక ప్రయోగం చేస్తుంది. మెంతులు అయ్యాయి, ఒకసారి కాకరకాయ తొక్క. పోయినేడు వాళ్లమ్మ ఎండబెట్టిన వేపపువ్వు సూట్‌కేసులో పెట్టింది, ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేశాం, వాళ్లు తీసేసుకున్నారు. మీరు మీ అబ్బాయికి పెట్టకండి, విత్తనాలు, పూలు, ఆకులు ఏవీ పెట్టకండి. చెప్పకుండా తెస్తే జరిమానా గట్టిగా ఉంటుంది.

తెలుగువాళ్లు ఎంతమంది అని కూడా అడుగుతారేమో. ఒక హాల్లో పట్టేంత. నేపాల్ పిల్లలు మనకంటే ఎక్కువ కనపడతారు, దసరా వాళ్లతో కలిసే చేసుకుంటాం. 2018 నుంచి ఇరాక్, సిరియా వైపు నుంచి వందలమంది యజీదీ శరణార్థులకి ప్రభుత్వం ఇక్కడ ఇళ్లు చూపించింది. మొదట్లో ఊరివాళ్లు కొంచెం బెరుగ్గా చూశారు, ఇప్పుడు వాళ్ల పిల్లలు బడి ఫుట్‌బాల్ టీముల్లో ఉన్నారు. వీళ్లందరికంటే ముందు నుంచి ఈ నేల అనైవాన్ ఆదివాసులది. ఏ మీటింగ్ మొదలుపెట్టినా వాళ్ల పేరు తలుచుకుంటారు. మీ అబ్బాయి మొదటిసారి విన్నప్పుడు అదేమిటని అడుగుతాడు, అడిగితేనే మంచిది.

డాక్టర్ల విషయం ఒకటి చెప్పి ముగిస్తాను. ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, యూనివర్సిటీలో మెడిసిన్ కోర్సు కూడా ఉంది. అయినా మామూలు జ్వరానికి డాక్టర్ అపాయింట్‌మెంట్ వారం ఆగాక దొరికిన సందర్భాలున్నాయి. స్పెషలిస్టు అంటే టామ్‌వర్త్, లేదా న్యూకాసిల్, సిడ్నీ. పళ్ల పనులు, కళ్లద్దాలు ఇండియాలోనే చేయించి పంపండి.

రావడం ఎలాగంటే, సిడ్నీ నుంచి విమానంలో గంట. కానీ మొదటిసారి రైల్లో రమ్మనండి, ఎనిమిది గంటలు పట్టినా. లోయల్లోంచి పైకెక్కడం కళ్లారా చూస్తే ఎక్కడికి వస్తున్నాడో అర్థమవుతుంది. ఒక జాగ్రత్త: ఉదయం సిడ్నీ సెంట్రల్‌లో బయలుదేరే ఆ రైలు వెరిస్ క్రీక్ అనే స్టేషన్‌లో రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క ఆర్మిడేల్‌కి, రెండోది మోరీ అనే ఊరికి. టికెట్ మీద బోగీ నంబర్ చూసుకుని అందులోనే కూర్చోవాలి. నేను వచ్చిన రోజు ఎదురు సీట్లో అబ్బాయి స్నేహితుడి పక్కన కూర్చుందామని వేరే బోగీకి వెళ్లి నిద్రపోయాడు. అతని సూట్‌కేసు నాతోపాటు ఆర్మిడేల్‌లో దిగింది. జులై సాయంత్రం, ఆరు కాకముందే చీకటి, ప్లాట్‌ఫారం మీద కట్టెల పొగ వాసన. ఆ రాత్రంతా అతని స్వెటర్లు నా రూములోనే ఉన్నాయి. మీ అబ్బాయి స్వెటర్ మాత్రం చేతి బ్యాగులోనే పెట్టుకోమనండి.